తాడుకి రెండో కొస

కూర్చోమన్నారు, కూర్చుంది. ఇంకో గంట పడుతుందమ్మా, పెద్ద డాక్టరుగారు వచ్చి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే మీ మనిషిని మీకు అప్పగిస్తాం, అని చెప్పి అటెండరు ఎల్లారావు తలుపు వెనక్కి వెళ్లిపోయాడు. మెడికల్ కాలేజీ కింది అంతస్తులో, శవాల మీద పిల్లలకి పాఠం చెప్పే హాలు బయట, గోడకి ఆనించిన చెక్క బల్ల అది. అప్పగిస్తాం అన్నాడు. సూర్యకళ ఆ మాట ఇంతకుముందు ఒక్కసారే విన్నది, పెళ్లిలో, తన చెయ్యి తీసి దొరబాబు చేతిలో పెడుతూ తండ్రి ఏడ్చినప్పుడు. ఇప్పుడు దొరబాబుని తన చేతిలో పెడతారట. ఆ రోజు ఏడవడానికి ఊరంతా ఉంది, ఈ రోజు తనొక్కతే, తనకీ ఏడుపు రావడం లేదు. లోపలినించి ఏదో మందు వాసన వచ్చి కళ్లు మండుతున్నాయి, నీళ్లు కారుతున్నాయి గాని అది ఏడుపు కాదు. తెల్లకోట్లు వేసుకున్న పిల్లలు గుంపుగా వచ్చి, బల్ల దగ్గరికి రాగానే ఒక అడుగు పక్కకి జరిగి పోతున్నారు. చేపల వాసన. ఇవాళ బుట్ట ఎత్తలేదు, తలంటుకుంది, ఉతికిన చీర కట్టుకుంది, అయినా పోదు అది. పోకపోతే పోనీ. లోపల పడుకున్నవాడు ఆ వాసన పట్టుకునే కదా తనని గుర్తుపట్టాలి, ఏడాదిగా ఆ మందులో నానుతున్నవాడు, అనుకోబోయి ఆ ఆలోచనని అక్కడే తుంచేసింది. ఆలోచన తెగలేదు. నిన్న ఇక్కడ పాఠం చెప్పే డాక్టరమ్మని ఒక్కటే అడిగింది, మొత్తం ఇత్తారా అమ్మా, అని. డాక్టరమ్మ వెంటనే ఔననలేదు. ఆ వెంటనే అనకపోవడమే రాత్రంతా గుండెల్లో ముల్లయి కూర్చుంది. సగం మనిషిని తీసుకుపోయి గంగమ్మ తల్లికి ఎలా ఇస్తారు? ఇస్తే తల్లి మాత్రం పుచ్చుకుంటుందా?

ఎదురుగా కిటికీ. అద్దం మీద పోర్టు బొగ్గు ధూళి, ఈ ఊళ్లో ఏ కిటికీకైనా ఉండేదే, వేలితో రాస్తే నల్లగా అంటుకుంటుంది. దాని వెనక డాల్ఫిన్ నోస్ కొండ. కొండకి అవతల యారాడ, తన ఇల్లు, అత్త గంగాలమ్మ, ఇసుక మీద తిరగేసిన పడవ. ఇవతల ఈ హాలు. ఇన్నాళ్లూ ఇవతల ఆయన, అవతల తను. ఓలమ్మా, మధ్యన ఒక్క కొండ! ఎక్కి దిగితే వచ్చేదే కదా. చేపలబుట్టతో గాజువాకకీ కూర్మన్నపాలేనికీ రోజూ ఆ కొండ దిగి రావడం లేదూ? వచ్చింది. ఆయన్ని వెతుక్కోవడానికి మాత్రం రాలేదు. ఎందుకు వస్తుంది, సముద్రం మీద పోయినవాణ్ణి రోడ్ల మీద ఎవరైనా వెతుకుతారా? ఆ తెల్లవారుజామున కోనాం చేపలు పడుతున్నాయని ఆశపడి ఒక్కడే పడవ దింపుకుని వెళ్లాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. పొద్దుగూకేసరికి గంగవరం వైపు వెళ్లినవాళ్లు ఆ పడవని లాక్కొచ్చారు, బోర్లాపడి తేలుతోందట, మనిషి లేడు. దొరబాబు వాళ్లన్న వరహాలు ఊళ్లో ఉన్న పడవలన్నీ దింపించాడు. సముద్రం ఎవరినీ దాచుకోదు, మూడోనాటికల్లా ఒడ్డున పెట్టేస్తుంది, అని నీటివాలు చూసుకుని కొందరు అప్పికొండ వైపు, కొందరు భీమిలి వైపు పోయారు. ఇసుక మీద ఏ దుంగ కనబడినా పరుగెత్తారు. సముద్రంలో పోయాడని వీళ్లే పోలీసు స్టేషనుకి వెళ్లి చెప్పారు, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాసుకున్నారు. ఒడ్డు చేరి ఉంటాడేమో అన్న ఊహ ఒక్కరంటే ఒక్కరికి రాలేదు. ఎందుకొస్తుంది? ఒడ్డు చేరినవాడు ఇంటికి రాక ఎక్కడికి పోతాడు? పుట్టిందగ్గర్నించి ఈతకొట్టినవాడు, నడుచుకుంటూ వచ్చి, ఓలే, ఆకలేత్తంది, కూడెట్టు, అంటాడు. అనలేదు కాబట్టి నీళ్లలోనే ఉన్నాడు. అంతే, చేపలవాళ్ల బుర్ర నీళ్ల దగ్గరే ఆగిపోతుంది.

ఆయన మాత్రం గట్టెక్కాడు. రాళ్లకి కొట్టుకున్నాడో, బోర్లాపడ్డ పడవే తగిలిందో, తల పగిలింది. ఆ తలతోనే ఈదాడు, గట్టెక్కాడు, ఇల్లు ఏ దిక్కో మరిచిపోయాడు. కొండకి ఎదురుగా నడవాల్సినవాడు కొండని వీపు వెనక పెట్టుకుని నడిచాడు. ఎంత దూరం నడిచావు మావా, ఒంటి మీద నిక్కరు తప్ప లేకుండా, కాళ్లకి చెప్పుల్లేకుండా? ఆటోనగర్ దారిలో షెడ్ల పక్కన పడి ఉంటే ఎవరో లారీ డ్రైవరు చూసి ఫోన్ చేశాడట. ఆ డ్రైవరు పిల్లాపాపలతో చల్లగా ఉండాలి. ఆసుపత్రిలో కళ్లు తెరిచాడు గాని మాట పోయింది. పేరు చెప్పలేడు, ఊరు చెప్పలేడు. పనికోసం ఎక్కడినించో వచ్చిన కూలివాడు అనుకున్నారు, ఆ షెడ్ల దగ్గర అలాంటివాళ్లకి కొదవా. తర్వాత ఎప్పుడో పేపర్లో ఫోటో కూడా వేశారట, ఈ వ్యక్తి తాలూకు మనుషులు ఎవరైనా ఉంటే, అని. ఎవరూ రాలేదని, పోయాక శవాన్ని ఈ కాలేజీకి ఇచ్చారు. వాళ్ల తప్పేమీ లేదు, చేయాల్సినవన్నీ చేశారు. యారాడలో ఆ ఇంటికి పేపరు వస్తుంది, పాత పేపరు, కిలోల లెక్కన, రొయ్యలు పొట్లం కట్టడానికి. ఏ ఆదివారమో ఆ ముఖంలోనే రొయ్యలు పోసి, మడతపెట్టి, దారం చుట్టి ఎవరి చేతిలోనో పెట్టిందేమో. ఈ ఊహ వచ్చినప్పుడల్లా సూర్యకళ రెండు చేతులూ చీరకి తుడుచుకుంటుంది. ఇప్పుడూ తుడుచుకుంది.

అక్కడ ఆయన మంచం మీద కళ్లు తెరుచుకుని ఉండగా ఇక్కడ యారాడ ఒడ్డున గడ్డితో మనిషిని కట్టారు. శవం దొరకనివాళ్లకి అలాగే చేస్తారు వాళ్లలో. ఆయన నీలంగళ్ల చొక్కా తొడిగారు, నడుముకి పాత వలముక్క చుట్టారు, తల దగ్గర గుడ్డ కట్టి, దాని మీద వరహాలు బొగ్గుతో కళ్లు గీశాడు, గీస్తూనే కూలబడి పసిపిల్లాడిలా ఏడ్చాడు. గడ్డి కాలడానికి ఎంతసేపు. దసరాల్లో పెద్దకర్మ అయింది. ముసలమ్మలు తనని మొలలోతు నీళ్లలోకి దింపి గాజులు చితక్కొట్టారు, ఒక పెంకు మణికట్టులో దిగింది, ఇదిగో, మచ్చ. ఆయన పోయింది దీపావళి మర్నాడు. టపాకాయల మోతకి ఉలిక్కిపడుతుంటే చెవుల మీద చేతులు పెట్టాను, అందుకే ఆ రోజు నాకు గుర్తుందమ్మా, అంది మొన్న ఆ వార్డు నర్సు రోజారమణి. దసరాకి గాజులు పగిలాయి, దీపావళికి మనిషి పోయాడు. నడిమధ్య అన్ని రోజులూ బతికున్న మొగుడికి బొట్టు చెరుపుకుని, మూల కూర్చుని, తను తన చావుకేడ్చిందా ఆయన చావుకేడ్చిందా? ఏడుస్తున్నంతసేపూ ఆయన ఊపిరి పీలుస్తూనే ఉన్నాడు. ఏ ఆడది చేసి ఉంటుంది ఈ పని? లోకంలో ఎవతైనా?

ఆ చేప లేకపోతే ఇదంతా తెలిసేదే కాదు. తెలియకపోతే బాగుండేదా? బాగుండేది. ఛ, ఏం మాట, బాగుండేదేటి. పెళ్లయిన కొత్తలో గంగమ్మ తీర్థానికి వెళ్లారు ఇద్దరూ, జీళ్లు తిన్నారు, రంగులరాట్నం ఎక్కారు, పచ్చబొట్టు పొడిచేవాడి దగ్గర కూర్చున్నారు. వాడు ఏ మెట్టఊరివాడో, సముద్రం ఎరగనివాడు. చేపని వెయ్యరా అంటే సూర్యకళ ముంజేతి మీద చేప వేసి, ముచ్చటగా ఉంటుందని దాని కంటికి రెప్పలు, రెప్పలకి వెంట్రుకలు కూడా దిద్దాడు. దొరబాబు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. రెప్పలున్న సేపేటిరా నాయనా, సేప కన్ను మూత్తాదేటి? నాను పుట్టి బుద్దెరిగి సూడనేదు! తను ఉడుక్కుని ఏడుపుముఖం పెట్టింది. వెంటనే చొక్కా ఎడమచెయ్యి పైకి మడిచి, ఇదే నాకూ పొడు, రెప్పల్తో సహా, లోకం మొత్తం మీద రెండే ఉండాల ఈ సేపలు, అన్నాడు. నొప్పికి కళ్లు గట్టిగా మూసుకున్నాడు, అంతలావు మనిషి. అప్పుడు తను నవ్వింది. నవ్వినందుకు ఇంటిదాకా మాట్లాడలేదు, ఇంటికొచ్చాక ఆయనే ముందు మాట్లాడాడు. పిల్లలు పుట్టలేదు, ఆ రెండు చేపలే పుట్టాయి అనేవాడు.

డాక్టరమ్మ శ్రీసత్య కూర్మన్నపాలెం మనిషే, తండ్రి స్టీల్‌ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఆదివారం జంక్షన్ దగ్గర పండుగప్ప బేరమాడి కొంది. సూర్యకళ కత్తిపీట ముందు కూర్చుని పొలుసు గీకుతుంటే ముంజెయ్యి బయటపడింది, గాజులు లేని చెయ్యి కదా, కప్పడానికి ఏముంది. డాక్టరమ్మ చేతిలో డబ్బులు అలాగే ఉండిపోయాయి. ఈ బొమ్మ ఇంకెవరి మీదైనా ఉందామ్మా, అనడిగింది. సూర్యకళ నవ్వింది కూడా, పాపిష్టిది. ఉన్నాదమ్మా, ఆ రెండోది సముద్రంలో ఉన్నాది, అంది. డాక్టరమ్మ రోడ్డు పక్కన, చేపనీళ్లలో, అలాగే గొంతుక్కూర్చుంది. సముద్రంలో లేదమ్మా, అంది. అంతే, ఆ తర్వాత ఏం మాట్లాడుకున్నారో సూర్యకళకి గుర్తులేదు. పండుగప్ప మాత్రం గుర్తుంది, సగం పొలుసుతో, కత్తిపీట పక్కన, ఎండలో. దానికి రెప్పల్లేవు. అది అలా చూస్తూనే ఉంది.

ఫోను మోగింది. అత్త. బేరానికని అబద్ధం చెప్పి వచ్చింది ఆమెకి, ఎత్తకపోతే ఊరంతా తిరిగి అడుగుతుంది, ఎత్తింది.

"ఓలె, ఎక్కడున్నావే? ఎండెక్కీసినాది, బేరం అయినాదా?"

"అవతన్నాదత్తా. కాసేపుండి వత్తాను."

"రేతిరి మల్లీ వచ్చినాడే దొరబాబు. గుమ్మంకాడ నిలబడ్డాడు. పొడిబట్టలే."

"ఏటన్నాడు?"

"ఏటంటాడు, ఏటీ అన్నేదు. సూత్తన్నాడంతే. నువ్వు కూడు తిన్నావా? బేగి రా."

పొడిబట్టలు. ఏడాదిగా ఇదే మాట. గంగాలమ్మ మొగుడు కూడా సముద్రంలోనే పోయాడు, ఆయన కల్లోకి వస్తే ఒళ్లంతా నీళ్లు కారుతూ వస్తాడట, ముసలిది లేచి చీకట్లో నేల తడిమి చూసుకునేది. కొడుకు మాత్రం పొడిగా వస్తున్నాడు, చొక్కా అంచు కూడా తడవలేదు అని చెబితే ఊరి ముసలాళ్లందరూ తల ఊపారు, మంచిదే, గంగమ్మ తల్లి ఒళ్లో పెట్టుకుంది, నొప్పి తెలియకుండా తీసుకుపోయింది, అన్నారు. ఆ మాట పట్టుకుని బతుకుతోంది గంగాలమ్మ. తెల్లారితే ఒడ్డుకి పోయి, పిడికెడు అన్నం నీళ్లలో విడిచి, కొడుకుతో మాట్లాడి వస్తుంది, నీ పెళ్లాం తిండి మానేసింది, కాస్త సెప్పరా, అంటుంది సముద్రంతో. తల్లికి కల్లోకొచ్చి చెబుతూనే ఉన్నాడు వెర్రినాగన్న, నాను నీళ్లలో లేనే, నాను గట్టు మీదున్నాను, అని. ఎవరికీ అర్థం కాలేదు. ఇప్పుడు వెళ్లి ఆ ముసలిదానితో ఏమని చెప్పాలి? నీ కొడుకు గట్టెక్కాడత్తా, మనం గడ్డిబొమ్మని కాలుస్తుంటే ఆసుపత్రిలో మనకోసం చూశాడు, మనం పోలేదు, పోయాక కోసుకుని చదువుకున్నారు, అనా? ముసలిదాని చెవిన పడనివ్వకుండా అడిగితే, ఒక మనిషికి రెండుసార్లు కర్మ చెయ్యకూడదు అన్నారు పెద్దలు, ఊళ్లోకి తేవద్దన్నారు. వరహాలే దారి చెప్పాడు. ఆ మాట విన్న రోజు గోడకి తల కొట్టుకున్నవాడు, మర్నాడు వచ్చి గుమ్మంలో నిలబడి, తల వంచుకుని అన్నాడు, ఆడు సముద్రంలో ఉన్నాడని అమ్మ నమ్మింది, నిజం సేసేద్దాం. అమ్మ ఒక్క రేతిరైనా ఆణ్ణి తడిసిన బట్టల్తో సూడాల. ఫిషింగ్ హార్బరులో పడవ తీసుకుని ఎదురుచూస్తున్నాడిప్పుడు. లోతు నీళ్లకి పోయి విడిచేస్తారు. దానికే అడిగింది డాక్టరమ్మని, మొత్తం ఇత్తారా అని.

హాలు తలుపు తెరుచుకుంది, పిల్లలు బయటికి వచ్చారు, ఒకమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది. ఇవాళే చెప్పారేమో వాళ్లకి, మీ బల్ల మీద పడుకున్నాయనకి పెళ్లాం ఉంది, బయట కూర్చుంది, అని. ఏడాది మొదట్లో వాళ్లందరిచేతా ఒట్టు వేయిస్తారట, ఈ దేహాన్ని గురువులా చూసుకుంటాం, ఎగతాళి చెయ్యం అని, పూలు కూడా పెట్టిస్తారట. డాక్టరమ్మ చెప్పింది. ఆ చేప ఉన్న చోట ఎవ్వరినీ కత్తి పెట్టనివ్వలేదనీ చెప్పింది. కోసేవాళ్ల మీద సూర్యకళకి కోపం లేదు, రోజంతా కోసే చెయ్యే తనది, తెలుసు, కత్తి పదునుగా ఉండి చెయ్యి నిమ్మళంగా ఉంటే చేపకి అవమానం ఉండదు. కోపం ఇంకోదాని మీద. కోసి ఇచ్చేటప్పుడు ప్రతి మనిషినీ అడుగుతుంది తను, తల కావాలా పారెయ్యనా, కడుపులో గుడ్ల జెన ఉంది ఉంచమంటారా, అని. కొందరు తల వద్దంటారు, కొందరికి తలే ముద్దు. అడక్కుండా పక్కకి తోసిందంటే పోట్లాటే, నా చేప నాకివ్వకుండా నువ్వెవతివే అంటారు. చేపతలకాయకి ఉన్నపాటి అడిగేదిక్కు దొరబాబుకి లేకపోయింది. ఆయన్ని అడగలేదు, మాట లేదు కాబట్టి. తనని అడగలేదు, తను లేదు కాబట్టి. ఎక్కడుంది తను? కొండకి అవతల, గడ్డి కాలిన బూడిదకేసి చూస్తూ కూర్చుంది. లేని మనిషి ఆయనా, తనా?

మాట లేదు గాని చెయ్యి ఉండేదమ్మా, అంది రోజారమణి. కుడిచెయ్యి ఊరుకునేది కాదు, లాగుతూనే ఉండేవాడు, గాల్లోంచి దేన్నో గుప్పెట్లో పట్టుకుని తనవైపు లాక్కోవడం, మళ్లీ చాచడం, మళ్లీ లాక్కోవడం. సెలైను గొట్టం లాగేస్తాడని చేతిని మంచానికి కట్టాల్సొచ్చింది, ఏమనుకోకు. కట్టినా మణికట్టు కదిలేది. ఒకరోజు ఊరికే, నాకేమనిపించిందో, కట్టు విప్పి దుప్పటి కొస చేతికిచ్చి ఇంకో కొస నేను పట్టుకున్నాను. ఊరుకున్నాడమ్మా. అలా పట్టుకునే నిద్రపోయాడు. సూర్యకళకి ఆ నర్సు కాళ్ల మీద పడాలనిపించింది, ఆ నర్సు జుట్టు పట్టుకోవాలనీ అనిపించింది, నువ్వెవతివి ఆ కొస పట్టుకోవడానికి, అది నాది కదా అని. పెద్దవల లాగేటప్పుడు ఒడ్డున అందరూ వరసగా తాడు పట్టుకుంటారు, మగా ఆడా, ముందు నీళ్లలో దిగినవాడు దొరబాబు, అందరికంటే వెనక ఇసుకలో కొస పట్టుకుని చుట్టచుట్టే గుంటపిల్ల సూర్యకళ. కొస జారితే లాగిందంతా అలతో వెనక్కి పోతుంది. అందుకని ముందునించి కేకేసేవాడు, కొస పట్టుకున్నావేటే? పట్టుకున్నాను, లాగు! ఐలేసా అని అందరూ అందుకునేవాళ్లు. అలా మొదలైంది, ముఖం కూడా సరిగ్గా చూడకముందు, ఆ కేకతో. పెళ్లయ్యాక కూడా, బియ్యం నిండుకున్నా, వల చిరిగినా, కడుపు నిలవక తను గోడవైపు తిరిగి పడుకున్నా, వెనకనించి అదే మాట, కొస పట్టుకున్నావేటే? ఆ మంచం మీద ఆయన ఏ తాడు లాగుతున్నాడో వార్డు మొత్తంలో ఎవరికి తెలుస్తుంది? దీపావళి దాకా లాగాడు. వెనకనించి ఒక్క మాట రాలేదు.

"సూర్యకళమ్మా." డాక్టరమ్మ వచ్చి పక్కన బల్ల మీదే కూర్చుంది, చేపల వాసనకి జరగలేదు. సంతకం అయిపోయిందట, తెల్లగుడ్డలో చుట్టి పెట్టెలో సర్దారట, ఆటో వాకిట్లోనే ఉందట. అంతా చెప్పి ఆగింది. నిన్నటి ఆగడం మళ్లీ వచ్చింది.

"ఒకటి లేదు కదమ్మా," అంది సూర్యకళ.

"కుడిచెయ్యి. పక్క గదిలో ఉంది, మ్యూజియంలో. నేనే విడదీసి తయారుచేశాను అది, ఎవరో తెలియక ముందు. ఇన్నేళ్లలో అలాంటి చెయ్యి నేను చూడలేదు, ప్రతి నరం, ప్రతి కండ విడివిడిగా తెలుస్తుంది. పిల్లలు దాన్ని చూసే నేర్చుకుంటున్నారు." డాక్టరమ్మ కళ్లెత్తలేదు. "రూలు ప్రకారం అడగక్కర్లేదన్నారు మావాళ్లు. నేను అడక్కుండా ఉండలేను. ఉంచమంటే ఉంచుతాం, జాగ్రత్తగా చూసుకుంటాం. ఇమ్మంటే ఇప్పుడే ఇచ్చేస్తాను."

"సూపించండమ్మా."

గది నిండా బీరువాలు, గాజు సీసాలు. ఎటూ చూడకుండా డాక్టరమ్మ మడమల వెనకే నడిచింది. ఆగిన చోట తలెత్తింది. సీసా మీద పేరు లేదు. లోపల మణికట్టు నించి కిందకి, చర్మం ఒలిచిన చెయ్యి, తాళ్లు తాళ్లుగా, గట్టిగా పేనిన తాళ్లు. ఇది ఎవరిదో అనుకుంది ఒక్క క్షణం, తనది కాదు, పద పోదాం అనుకుంది. అప్పుడు చిటికెనవేలు చూసింది. మోకు పడి విరిగి, వంకరగా అతుక్కున్న చిటికెనవేలు. అన్నం కలిపేటప్పుడు అదొక్కటీ పక్కకి నిలబడేది, నీ వేలు అన్నం తినదేటి అని ఏడిపించేది తను. మిగిలిన వేళ్లు సగం మూసుకుని ఉన్నాయి. పిడికిలీ కాదు, అరచెయ్యీ కాదు. తాడు పట్టుకునే చెయ్యి ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకా లాగుతున్నాడు.

డాక్టరమ్మ చెప్పింది అబద్ధం కాదు. అంత బలమైన చెయ్యి, అంత అందమైన చెయ్యి, పిల్లలు చూసి నేర్చుకోవాల్సిందే. ఆ ఏడ్చిన అమ్మాయి ఈ చేతిని చూసి చదివి, ఎప్పుడో ఏ తలపగిలినవాణ్ణో బతికిస్తుందేమో, వాడు ఇల్లు గుర్తు తెచ్చుకుని గుమ్మంలోకి పోయి ఆకలేత్తంది అంటాడేమో. ఇచ్చెయ్యొచ్చు. దొరబాబు అయితే ఇచ్చేసేవాడు, అడిగినవాడికి వలలోని పెద్ద చేపే ఇచ్చే రకం. సూర్యకళ నోరు తెరిచింది, ఉంచుకోండమ్మా అనడానికే తెరిచింది.

"అప్పుడే ఎవులైనా వచ్చి అడిగుంటే ఇచ్చీదాన్నేమో డాక్టరమ్మా," అంది. "ఇప్పటికైనా అడిగినావు, నీకు దండం పెడతాను. కానీ ఈ సెయ్యి నానివ్వలేను. ఇది పని మీదున్నాది. లాగి లాగి ఉన్నాడు, ఎనకాల కొస ఎవులూ పట్టుకోనేదు."

డాక్టరమ్మ చేతితొడుగులు ఇవ్వబోయింది, సూర్యకళ వద్దంది. సీసా మూత తీస్తుంటే వాసన గుప్పుమని కొట్టింది, ఇద్దరి కళ్లూ కారాయి, ఇప్పుడది మందో కాదో సూర్యకళ చూసుకోలేదు. రెండు చేతులూ చాచింది. తడిగా, చల్లగా, గట్టిగా వచ్చి పడింది చేతుల్లో. తన చేతిని అందులో పెట్టి చూసింది. వేళ్లు మూసుకోలేదు. ఇదివరకు ఇలా పెట్టగానే మూసుకునేవి, నిద్రలో కూడా. తుడవడానికి పైట లాగింది, లాగి, తుడవకుండా ఆగిపోయింది. పైట కొసని మెలిపెట్టి, తాడులా చేసి, ఆ వేళ్ల మధ్యకి దూర్చింది. పట్టింది. వేళ్లు ఉన్న వంపుకి సరిగ్గా పట్టింది. రెండో పక్క తను గుప్పెటతో పట్టుకుని కొంచెం బిగించింది.

డాక్టరమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది.

"పట్టుకున్నాను మావా," అంది సూర్యకళ. "లాగు."